రెండో తాళంచెవి

ముందు ఈ స్ప్రింగులు ఎగిరిపోకుండా చూసుకోవాలి. ఒక్కటి ఎగిరి పొయ్యి కిందకి దొర్లిందంటే చాలు, చీపురు పట్టుకుని వెతుకుతూ కూర్చుంటాను, ఈలోగా వాడు రానే వస్తాడు. వంటింటి బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచాను, తెల్లదైతే పిన్నులు కనిపిస్తాయని నాన్న చెప్పేవాడు. తలుపులోంచి ఊడదీసిన తాళం దాని మీద పడుకుని ఉంది, తలుపుకి మాత్రం తాళం ఉండాల్సిన చోట గుండ్రంగా ఒక కన్నం, అందులోంచి వీధి కనిపిస్తోంది, ఎదురింటి గోడ, ఆరేసిన దుప్పటి అంచు, ఎప్పుడైనా ఒక సైకిలు చక్రం. వాడు, నా మొగుడు, స్కూలు వ్యాన్ తోలతాడు. ఆఖరి పాపని వీధి మలుపులో దింపి రెండుసార్లు హారన్ కొడతాడు, ఆ పాపకి టాటా చెప్పడం అన్నమాట. ఆ హారన్ వినిపించేలోగా ఈ తాళం మళ్ళీ తలుపులోకి వెళ్ళాలి, వాడి జేబులో ఉన్న తాళంచెవి ఇక ఈ తలుపు తీయకూడదు. అంతే పని. లోపలి పిన్నుల వరస మార్చడం, ఆ వరసకి సరిపడా కొత్త చెవి అరగదీయడం. బయటి నుంచి చూస్తే ఏమీ మారినట్టుండదు, అదే తాళం, అదే ఇత్తడి మొహం. కొత్త తాళం కొందామంటే ఇనుప సామాన్ల కొట్టతను వాడి జిగ్రీ దోస్తు, నేను ఇల్లు చేరేలోగా కబురు వాడికి చేరుతుంది. ఎన్ని ఇళ్ళకి చేయలేదు ఈ పని, కళ్ళు మూసుకుని చేస్తాను. నా ఇంటికి చేసుకోవడం ఇదే మొదలు, అందుకే కాబోలు చెయ్యి సాగడం లేదు. అబద్ధం, సాగనిది చెయ్యి కాదు, పోయిన చలికాలం విరిగి కాస్త వంకరగా అతుక్కున్న మణికట్టు, తాళంచెవులు అరగదీసే ఆకురాయి ముందుకి నెట్టినప్పుడల్లా లోపల ఏదో సణుగుతుంది. సణగనీ. కూరగాయల సంచిలో పెట్టుకుని మా తాళాల కొట్టు నుంచి తెచ్చిన, చెవిని కదలకుండా పట్టే చిన్న వైస్‌ని బల్ల అంచుకి బిగించాను, పని మొదలుపెట్టాను.

ఆకురాయి. నా పేరు అదే కదా, వాడు పెట్టిన పేరు. నాన్నది కిటికీ అంత తాళాల కొట్టు, లోపల ఆయన కూర్చుంటే ఇంక గాలికి కూడా చోటుండేది కాదు, నేను బయట మెట్టు మీద పలక పట్టుకుని కూర్చునేదాన్ని. వాడు వచ్చేవాడు, చొక్కా గుండీలు పైవి కిందకీ కిందవి పైకీ పెట్టుకుని, తాళంచెవి పోయింది, ఇంకోటి చేసిస్తారా మావయ్యా అని. నాన్న కళ్ళజోడు పైనుంచి చూసి, మళ్ళీనా మతిమరుపుగారూ అనేవాడు. తల పోగొట్టుకోలేదు, సంతోషం, అని నేను. దానికి తాళం లేదుగా, అని వాడు. నీ నోరు ఆకురాయే, అని కూడా వాడే. అంతలేసి కళ్ళతో నవ్వేవాడు గానీ ఆ నవ్వు దవడ దాకా వచ్చేది కాదు, దవడ ఒక పక్క వాచి ఉండేది. నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది, వాడెప్పుడూ ఏ తాళంచెవీ పోగొట్టుకోలేదని. వాళ్ళ నాన్న తాగొచ్చి వాణ్ణి బయటకి నెట్టి, జేబులో చెవి లాక్కుని, తలుపేసుకునేవాడు. ఆయన పడుకున్నాక పిల్లిలా లోపలికి దూరడానికి వాడికి చెవి కావాలి. నాన్నకి మొదటి రోజే తెలుసు, ఆ ఇంటికి చేసినన్ని చెవులు ఊళ్ళో ఏ ఇంటికీ చేయలేదు, అయినా ఒక్కసారీ ఏం జరిగిందిరా అని అడగలేదు, మతిమరుపు అన్న మాట ఒకటి వాడి చేతికిచ్చాడు, వాడు దాన్ని గొడుగులా పట్టుకుని తిరిగాడు. నేను నా అంతట నేను చేసిన మొదటి తాళంచెవి కూడా ఆ ఇంటిదే. నాన్నకి ఒక పట్టింపు ఉండేది, చెవి చేసి చేతిలో పెట్టేస్తే పని అయిపోయినట్టు కాదు, మనిషి ఇంటికి వెళ్ళి తలుపులో తిప్పి చూసుకుని, తిరిగొచ్చి పట్టింది అని చెప్పాలి, అప్పుడే పని అయినట్టు. మిగతా జనం విసుక్కుంటూ వచ్చేవాళ్ళు, కొందరు వచ్చేవాళ్ళే కాదు. వాడు మాత్రం ఆ రోజు రెండు వీధులు పరిగెత్తుకుంటూ వెళ్ళి పరిగెత్తుకుంటూ వచ్చాడు. పట్టిందా, అన్నాను. పట్టింది, అన్నాడు, రొప్పుతూ. ప్రేమ అనే మాట మా ఇద్దరి మధ్య ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు, ఆ తర్వాత పెళ్ళయ్యేదాకా వాడు అలా పరిగెత్తుకొచ్చి పట్టింది అంటూనే ఉన్నాడు, నాకు అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

ఇదిగో, మూడో పిన్ను ఇటు, పొడుగుది అటు. ఊరంతటికీ మేమంటే ముద్దు. చిన్నప్పటి జంట, చిన్నప్పటి జంట అని. మా పెళ్ళి ఫోటో ఇప్పటికీ ఫోటోగ్రాఫర్ అద్దాల బీరువాలో ఉంది, ఎండకి వెలిసిపోయి నా చీర ఏ రంగో కూడా తెలియడం లేదు, తీసేయవయ్యా మహానుభావా అంటే తీయడు, అది చూసే కొత్త జంటలు లోపలికి వస్తారట. పెళ్ళిలో ఎవరో, తాళాలాయన అల్లుడికి కూతుర్నీ తాళాల గుత్తినీ కలిపి అప్పగించేశాడు అన్నారు, అందరం పగలబడి నవ్వాం, నేనే ఎక్కువ నవ్వాను. ఇప్పుడు ఎవరితోనైనా చెబుదామంటే ఆ ఫోటో అడ్డం వస్తుంది. వ్యాన్‌లో పిల్లల మీద వాడు గొంతెత్తి అరిచింది లేదు. వాంతి చేసుకున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఇంటి దాకా మోస్తాడు. తల్లులందరూ వాడి గురించి నాకు చెప్పి, నువ్వు అదృష్టవంతురాలివమ్మా అంటారు, అదీ నిజమే, వాళ్ళు చూసేదాంట్లో అబద్ధమేమీ లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఆ కాళ్ళు కూడా నావే. మణికట్టు విరిగినప్పుడు మెట్ల మీద జారానని చెప్పాను డాక్టరుతో. ఆయన కట్టు కడుతూ, మీ ఇంటికి మెట్లెక్కడివమ్మా, అన్నాడు. చిన్న ఊళ్ళో అబద్ధం ఆడటం కూడా కష్టమే. మరి ఆయన ఇంకేమీ అడగలేదు, నేనూ ఇంకో మెట్టు కట్టలేదు. నిజానికి నేను ఆ రోజు ఒక్క మాట అన్నాను, నీ గొంతు అచ్చం మీ నాన్న గొంతులా ఉంది, అని. అంతే, పట్టుకున్నాడు, తలుపు చట్రానికేసి తిప్పాడు. తర్వాత నా కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, ఆ ఏడుపులో నటన ఏమీ లేదు, అదే నా ఖర్మ. నటన అయితే ఎప్పుడో వదిలేసేదాన్ని.

నాన్న వాటిని మధ్యాహ్నం బేరాలు అనేవాడు. మగాళ్ళందరూ పనుల్లో ఉండే వేళ ఏ ఆడమనిషైనా ఒంటరిగా కొట్టుకొచ్చి, తాళం మార్చాలండీ, ఇప్పుడే రావాలి అన్నదంటే, చేతిలో ఏ పనున్నా పక్కన పెట్టి పెట్టె సర్దుకునేవాడు. ఎందుకని అడగకూడదు, మొహంలోకి చూడకూడదు, తాళం బయటి మొహం మార్చకూడదు. ఇవన్నీ చూస్తూ నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా చూశాను. కొత్త చెవి అరగదీసేటప్పుడు రెండు ఖాళీ చెవులు కలిపి వైస్‌లో బిగించేవాడు, రెండూ ఒకే ఆకురాయి కింద ఒకేలా తయారయ్యేవి, ఒకటి ఆవిడకిచ్చి రెండోది జేబులో వేసుకునేవాడు, కొట్టుకొచ్చాక పై మేకుకి తగిలించేవాడు. ఎందుకు నాన్నా, దొంగతనం కదా, అన్నాను. మళ్ళీ వస్తుందిలేవే, అన్నాడు. మొగుడికి ఇంకోటి చేయించుకోవడానికి వస్తుంది. వచ్చినప్పుడు నేను అరగదీస్తూ కూర్చుంటే అంతసేపూ వీధిలో తలొంచుకు నిలబడాలి, పాపం, ముందే ఉంటే వచ్చి చటుక్కున పుచ్చుకుని పోతుంది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఈసారి ఈవిడ రాదు చూడు, అని పందెం కాసేదాన్ని. వచ్చేవాళ్ళు. కొంగు కప్పుకుని కొందరు, ఊరికే ఇటు వస్తూ ఇటు వస్తూ అని కొందరు, ఛీ ఛీ సిగ్గు లేదు వీళ్ళకి అనుకునేదాన్ని మెట్టు మీద కూర్చుని, పదేళ్ళ పిల్లకి సిగ్గంటే ఏం తెలుసని. వాడి అమ్మ కూడా వచ్చింది. ఒక మధ్యాహ్నం వచ్చి తాళం మార్పించుకుంది, వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది, వాడు వెనకే వచ్చాడు. నాన్న మేకు మీదికి చెయ్యి చాపాడు. వాడు కొట్టు చెక్క పట్టుకుని వేలాడి, ఇవ్వకండి మావయ్యా, అన్నాడు. అరవలేదు, మెల్లిగా అన్నాడు. ఇవ్వకండి మావయ్యా, మీకు దండం పెడతాను, ఇవ్వకండి. నాన్న చెయ్యి గాల్లో ఆగింది. వాడి అమ్మ, పిల్లాడి మాటలేమిటండీ, ఆయన మా ఇంటి బయట మెట్టు మీద కూర్చుని దగ్గుతున్నాడు, ఇచ్చేయండి, అంది. ఇచ్చాడు. ఆ సాయంత్రం నాన్న ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

ఆవిడే నాకు అత్తయ్య. మణికట్టు కట్టుతో ఉన్నప్పుడు చూడ్డానికి వచ్చి, నా వేళ్ళు ఒక్కొక్కటే నిమురుతూ, నేనూ తాళం మార్పించాను కదే ఒకసారి, అంది, నాకు తెలియనట్టు. కానీ ఉండలేకపోయానే. కొడితే పడొచ్చు, బయట కూర్చుని దగ్గుతుంటే లోపల ఎలా పడుకుంటావు, అంది. పడుకోవచ్చు అత్తయ్యా, చెవుల్లో దూది పెట్టుకుని పడుకోవచ్చు, అన్నాను. ఆవిడ నవ్వింది. నీ నోరు ఆకురాయే, అంది. కొడుకు మాటే.

దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయని, మణికట్టు అతుక్కుని కూడా ఇన్నాళ్ళైతే ఇవాళ ఏమొచ్చింది నీకు అని ఎవరైనా అడగొచ్చు. నిన్న వచ్చింది. నిన్న వాడు కుర్చీ తన్ని లేచి నా మీదికి వస్తున్నప్పుడు, నేను అరవలేదు, పారిపోలేదు. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమచెయ్యి ముందుకి చాపాను. పని చేసే చెయ్యి కదా కుడిది, కొట్టు నడవాలి కదా, అని. ఎవరూ చెప్పలేదు, దానంతట అదే వెళ్ళి వీపు వెనక దాక్కుంది. దెబ్బ సంగతి సరే, ఎడమ మోచేతి మీద వంకాయ రంగులో ఉంది, పోతుంది. రాత్రంతా నాకు భయం వేసింది దెబ్బకి కాదు, ఆ తెలివికి. ఏ చెయ్యి ఇవ్వాలో ఎంచుకుంటున్నాను. ఇంకొన్నాళ్ళు పోతే మెడకి బదులు భుజం, కళ్ళకి బదులు చెంప, అలా నన్ను నేనే ముక్కలు చేసి, వాడికి ఒకటి, నాకు ఒకటి పంచుకుంటూ పోతాను, చివరికి నాకేం మిగులుతుంది. పొద్దున్న వాడు టిఫిన్ తింటూ, ఏమిటే అంత నీరసంగా ఉన్నావు, నిద్ర పట్టలేదా, అన్నాడు, నిజంగానే అడిగాడు. మతిమరుపుగారు. వ్యాన్ వెళ్ళిపోయాక కొట్టుకెళ్ళి వైస్ తెచ్చుకున్నాను.

పూలకుండీలావిడ ఒకతి ఉండేది. కిటికీ నిండా కుండీలే, నాన్నతో నేనూ వెళ్ళాను ఆ మధ్యాహ్నం. ఆవిడ రెండో చెవికి రాలేదు. వారం, నెల, ఏడాది, ఆ చెవి మేకు మీదే ఉండిపోయింది, నేను గెలిచిన ఒకే ఒక్క పందెం. నాన్న పోయాక కూడా దాన్ని తీయలేదు, కొట్టు తెరవగానే దాని వంక చూసేదాన్ని, ఒక్కతైనా రాలేదు కదా అని. మొన్న ఎండల్లో ఆవిడ జబ్బు చేసి పోయింది, ఆవిడ తమ్ముడు వచ్చి, ఇల్లు అమ్ముతున్నాం, తలుపులు మారుస్తున్నాం, పాత తాళాలు ఊడదీసి పెట్టమ్మా అన్నాడు. ఊడదీశాను. లోపల నాన్న రాసిన గ్రీజు రాసింది రాసినట్టే ఉంది, పిన్నుల మీద ఒక్క గీత లేదు. పెళ్ళికూతురిలా ఉంది తాళం. ఆవిడ దాన్ని ఒక్కసారి కూడా వేయలేదు. మార్పించుకుంది, అంతే, తలుపు ఊరికే చేరేసి పడుకునేది, ఆవిడ మొగుడు ఎప్పటిలానే తోసుకుని వచ్చేవాడు. అందుకే రెండో చెవి అవసరం పడలేదు. ఇంటికొచ్చి ఆ విషయం వాడితో చెబుదామని నోరు తెరిచాను, ఏమని చెప్పాలో తెలియక చెప్పులు విడిచి వంట మొదలుపెట్టాను.

అయిపోయింది. స్ప్రింగులన్నీ ఉన్నాయి, మూత బిగిసింది. చెవి పళ్ళు వేలితో తడిమి చూశాను, నునుపుగా ఉన్నాయి, వంకర మణికట్టు అయితేనేం, నాన్న చూస్తే ఒక్క మాట అనడు. తలుపు కన్నంలో తాళం దూర్చి మరలు బిగించాను. వాడి పాత చెవి లాంటిదే నా దగ్గరా ఒకటుంది, పెట్టి తిప్పితే తిరగలేదు. కొత్తది పెట్టాను, తిరిగింది. తలుపుకి లోపలి గడియ లేదు, మణికట్టు విరిగిన రోజునే దాన్నీ పీకేశాడు, మరల కన్నాలు ఇంకా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, కాబట్టి ఉన్నదంతా ఈ తాళమే. లోపలి నుంచి వేసేసుకుని చెవి కొంగున ముడేసుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను, నిజంగా అనుకున్నాను, ఒళ్ళంతా తేలికైపోయి కాఫీ కలుపుకుందామనిపించింది. బల్ల తుడుద్దామని తువ్వాలు ఎత్తితే కింద ఏదో టక్కుమంది. ఇంకో చెవి. నేల మీద, వెలుతురులో, అదే పళ్ళు, అదే నునుపు. రెండు కలిపి బిగించాను. ఎప్పుడు బిగించానో నాకు తెలియదు, ఆలోచిస్తూ కూర్చున్నాను కదా, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మధ్యాహ్నం బేరం అంటే రెండు చెవులు, దానికి నేర్పింది అదే.

అరగదీసేయాలి. పళ్ళన్నీ కొట్టేసి చెత్తలో పారేయాలి. మళ్ళీ వైస్‌లో పెట్టాను, ఆకురాయి తీసుకున్నాను, మలుపులో హారన్ మోగింది, ఒకసారి, ఇంకోసారి. మణికట్టు ఒక్కసారిగా సలిపింది, ఆకురాయి జారింది, చెవి చేతిలోకి తీసుకుని తలుపు దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నాను. వాడు తలుపు తంతాడు, తన్నితే ఏం చేయాలో అనుకునే ఉన్నాను, వెనక కిటికీ, గోడ, వెనకింటి టీచరమ్మ వాళ్ళ పెరడు, అక్కణ్ణుంచి బస్సు. తన్నరా, తన్ను. అడుగులు వచ్చాయి, ఈల కూడా. చెవి తాళంలోకి దూరింది, తిరగలేదు. బయటికి తీశాడు, మళ్ళీ పెట్టాడు, నెమ్మదిగా, బలవంతం చేస్తే చెవి విరుగుతుందని నేనే నేర్పాను. మూడోసారి పెట్టలేదు. తాళాలాయన అల్లుడు, అర్థం కాకుండా ఉంటుందా. తన్నలేదు. బట్టలు రాసుకున్న చప్పుడు, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు, చెక్కకి అటు వాడు, ఇటు నేను.

ఎదురింటి పెద్దాయన గొంతు వినిపించింది. "ఏమయ్యా, సొంతింటి గుమ్మంలో అలా కూలబడ్డావు?"

"తాళంచెవి పోయిందండీ," అన్నాడు వాడు.

"హారి నీ! చిన్నప్పటి జబ్బు ఇంకా పోలేదా? ఇంట్లోనే ఉంది కదయ్యా తాళాలమ్మాయి, అడుగు, చిటికెలో చేసిస్తుంది." ఆయన నవ్వుకుంటూ పోయాడు, ఇంటికెళ్ళి భార్యకి చెప్పి ఇద్దరూ నవ్వుకుంటారు, చిన్నప్పటి జంట.

వాడు తలుపు కింద సందు దగ్గరికి మొహం దించినట్టున్నాడు, గొంతు నేల మీద నుంచి వచ్చింది, గుండీలు తప్పుగా పెట్టుకున్న గొంతు, వాచిన దవడ గొంతు.

"ఆకురాయీ. తాళంచెవి పోయింది. ఇంకోటి చేసిస్తావా?"

అరువుకి కూడా దొరకని తిట్లు కొన్ని దాచుకున్నాను వాడి కోసం, ఒక్కటీ రాలేదు. ఇవ్వకండి మావయ్యా, అన్నది కూడా ఈ గొంతే కదా. ఆ పిల్లాడు ఇప్పుడు ఎటువైపున్నాడు, తలుపుకి అటా, ఇటా, నాకెవరు చెబుతారు. ఇటే ఉన్నాడు, నా పక్కన కూర్చుని చెక్క పట్టుకుని వేలాడుతున్నాడు, ఇవ్వకు, ఇవ్వకు, దండం పెడతాను. అటూ ఉన్నాడు, గుమ్మంలో, చీకటి పడబోతోంది, వాణ్ణి బయటకి నెట్టి తలుపేసుకున్నారు, ఈసారి వేసుకున్నది నేను. నాన్నా, నీ చెయ్యి గాల్లో ఎంతసేపు ఆగింది, నాకు గుర్తు రావడం లేదు, ఇంకాస్త ఆగి ఉంటే ఏమయ్యేది. వాడు దగ్గాడు. చిన్న దగ్గు, దుమ్ము దగ్గు, రోజంతా వ్యాన్‌లో ఉంటాడు కదా.

తలుపు కింద సందులోకి చెవి తోశాను. సగం దాకా వెళ్ళి ఆగింది, నా వేలు ఇంకా దాని మీదే ఉంది. వాడు లాక్కోలేదు, అటు చివర ఊరికే వేలు ఆనించాడు, ఆ ఇత్తడి ముక్కకి వాడి వేలు వెచ్చగా తగిలిందో నాకలా అనిపించిందో. వేలు తీసేశాను. చెవి అటు వెళ్ళిపోయింది. వాడు లేచి నిలబడ్డాడు, చెవి తాళంలో దూరింది.

"పట్టిందా?" అన్నాను. నోరు జారి వచ్చేసింది, పని చేసి ఇచ్చాక అలా అడగడం అలవాటు.

"పట్టింది," అన్నాడు.

మొదటి తిప్పుకే తిరిగింది, ఎక్కడా గీరుకోలేదు. నేను చేసిన చెవి పట్టకపోవడమన్నది ఇంతవరకు లేదు. తలుపు లోపలికి వస్తుంటే పక్కకి జరిగి, కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని లేచి నిలబడ్డాను.